717 రొటాక్స్‌కి ఏ ఆయిల్? ఓ పాత సీ-డూ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

బండి ట్రైలర్ మీద వచ్చింది. 1998 సీ-డూ జీటీఐ, నీళ్ల మీద నడిపే స్కూటర్ లాంటిది. లోపల 717 రొటాక్స్ ఇంజన్: రెండు సిలిండర్లు, 82 మిల్లీమీటర్ల బోరు, 68 మిల్లీమీటర్ల స్ట్రోకు, లెక్కేస్తే 718 సీసీ. టూ-స్ట్రోక్, కార్బ్యురేటర్, ఆయిల్ ఇంజెక్షన్ (అంటే ఆయిల్‌ని పెట్రోల్‌లో ముందే కలపక్కర్లేదు, వేరే ట్యాంకులోంచి పంపు తోస్తుంది). చూసినవాళ్లంతా జెట్ స్కీ అంటున్నారు. ఆ పేరు కవాసకీ వాళ్లది. ఇద్దరు ముగ్గుర్ని సరిదిద్ది చూశాను, తర్వాత నాకే విసుగొచ్చి మానేశాను.

నేను అనుకున్న పని చాలా చిన్నది. కొత్త ప్లగ్గులు, కొత్త బ్యాటరీ, కార్బ్యురేటర్ విప్పి కడగడం, ఆ తర్వాత నీళ్లలోకి దించడం. ఆయిల్ సంగతి తలపులోనే లేదు. బేరం అయిపోయాక మాటల మధ్యలో "ఏ ఆయిల్ వాడేవారండీ?" అని అడిగాను. "టూటీ ఆయిలేనండీ. ఏది చేతికందితే అది పోసేవాణ్ణి. టూ-స్ట్రోక్‌కి ఏదైనా ఒకటే కదా" అన్నాడాయన నిశ్చింతగా.

ఆయన వెళ్లాక ఆయిల్ ట్యాంకు మూత తీసి టార్చి వేశాను. సగానికి పైగా ఉంది. నీలం కాదు, ఎరుపు కాదు, వాడిన మందారం రంగు. రంగుని బట్టి ఆయిల్ రకం చెప్పలేం. ఎవరికి నచ్చిన రంగు వాళ్లు కలుపుతారు, దానికో ప్రమాణం లేదు. కానీ ఈ రంగు ఏ ఒక్క డబ్బాలోంచీ వచ్చినట్టు లేదు. రెండు మూడు డబ్బాలు ఒకచోట కాపురం పెడితే ఇలా ఉంటుంది.

కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, చూశాను. ప్లగ్గులు రెండూ తీసి, వైర్లకి ఎర్త్ ఇచ్చి, థ్రాటిల్ పూర్తిగా పట్టుకుని సెల్ఫ్ కొడితే ఒకదానికి 148 పీఎస్‌ఐ, రెండోదానికి 145. ఈ ఇంజన్‌కి 150 దరిదాపుల్లో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే, రెండింటి మధ్య తేడా పది శాతం దాటకూడదు. అంటే ఇది కాపాడుకోదగ్గ ఇంజన్. భయం పట్టుకున్నదీ అందుకే. పోయిన ఇంజనైతే ఏం పోసినా దిగులుండేది కాదు.

2వ రోజు

ట్రైలర్ మీదే, ఫ్లషింగ్ గొట్టం తగిలించి స్టార్ట్ చేశాను. ఇందులో వరస ముఖ్యం. ముందు ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి, తర్వాతే కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టాలి, తర్వాత ఇంజన్ ఆపాలి. తిరగేస్తే నీళ్లు ఎగ్జాస్ట్ దారిన సిలిండర్లలోకి ఎక్కుతాయి. నా మతిమరుపు నాకు తెలుసు కాబట్టి ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి హ్యాండిల్‌కి అంటించాను.

మొదటి నిమిషం పొగతో నేను నాకే కనపడలేదు. తర్వాత కాస్త పలచబడింది గానీ పూర్తిగా పోలేదు. ఆపి ప్లగ్గులు తీస్తే ఒకటి నల్లగా, తడిగా ఉంది. రెండోది చక్కటి లేత గోధుమ రంగులో పొడిగా ఉంది. తడిగా ఉన్నదాన్ని అనుమానంగా చూసి, పొడిగా ఉన్నదాన్ని చూసి సంతోషించాను. ఈ సంతోషాన్ని గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్లీ పని పడుతుంది.

సాయంత్రం బావ వచ్చాడు. ఆయనకో చిన్న పడవ, దాని వెనక బయట తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు ఉన్నాయి. నా మొహం చూసి నవ్వాడు. "ఇందులో ఆలోచించడానికేముందిరా? నీళ్ల మీద నడిచేదానికి నీళ్ల ఆయిలే. టీసీ-డబ్ల్యూ3 పొయ్యి, హాయిగా తిరుగు. నా మోటారుకి మొదట్నుంచీ అదే." చేతిలో నీలం ఆయిల్ డబ్బా పెట్టి మరీ వెళ్లాడు. మూత తియ్యలేదు. పక్కన పెట్టాను.

5వ రోజు

మూడు రోజులు డబ్బాల వెనకవైపు చదవడంతోనే గడిచాయి. ముందువైపు చదవడం దండగ. అక్కడ ఎగిసే అలల బొమ్మలు, "రేసింగ్" లాంటి మాటలు ఉంటాయి. పనికొచ్చేది వెనకాల, కళ్లద్దాలు లేనిదే కనపడని అక్షరాల్లో ఉంటుంది.

బావ చెప్పిన టీసీ-డబ్ల్యూ3 ముందు. ఇది అమెరికాలోని పడవ పరిశ్రమ సంఘం ఎన్‌ఎంఎంఏ పెట్టిన ప్రమాణం. డబ్ల్యూ అంటే వాటర్-కూల్డ్. అసలు ఆమోదం పొందిన డబ్బా మీద "ఆర్‌ఎల్" అని మొదలయ్యే ఒక నంబరుంటుంది. అది లేకుండా "టీసీ-డబ్ల్యూ3కి సరిపోతుంది" అని మాత్రమే రాసి ఉంటే అది కంపెనీ సొంత మాట. ఈ ఆయిల్‌లో బూడిద మిగలదు. మామూలు ఆయిళ్లలో మసిని కడిగేందుకు కాల్షియం లాంటి లోహాల లవణాలు వేస్తారు, ఇందులో వాటి బదులు నైట్రోజన్ ఆధారిత రసాయనాలుంటాయి. కారణం అవుట్‌బోర్డ్ బతుకులో ఉంది. అది చల్లటి నీళ్లు తాగుతూ గంటల తరబడి ఒకే వేగంలో నడుస్తుంది. లోహపు బూడిద ఉంటే పిస్టన్ తల మీదా, ప్లగ్గు మొన దగ్గరా పేరుకుంటుంది. ప్లగ్గు సందుకి అడ్డంగా కట్టుకుంటే స్పార్క్ చచ్చిపోతుంది. పిస్టన్ మీద నిప్పుకణికలా ఎర్రబడిందంటే స్పార్క్ పడకముందే పెట్రోల్ అంటుకుంటుంది. అలా కొంతసేపు నడిస్తే పిస్టన్‌కి చిల్లే.

రెండోది ఏపీఐ టీసీ, అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ ప్రమాణం. ఎక్కువ వేడిలో, ఎక్కువ వేగంలో తిరిగే టూ-స్ట్రోక్‌ల కోసం పెట్టింది. ఇది తక్కువ బూడిద జాతి. లోహపు డిటర్జెంట్లు కొద్దిగా ఉంటాయి. రింగులు గాడిలో అతుక్కుపోకుండా, పిస్టన్ గీసుకోకుండా చూడటం దీని పని.

మూడోది జపాన్ వాళ్ల జాసో. ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని మెట్లు. జారుడుతనం, మసి కడిగే శక్తి, పొగ, సైలెన్సర్ పూడుకుపోవడం లాంటివి విడివిడిగా పరీక్షించి ఈ అక్షరాలిస్తారు. ఎఫ్‌సీ నుంచి పొగ తక్కువ. ఎఫ్‌డీకి పొగ విషయంలో అదే అర్హత, కడిగే శక్తి ఇంకాస్త ఎక్కువ. ఐఎస్‌ఓ వాళ్లు ఇదే దారిలో ఈజీబీ, ఈజీసీ, ఈజీడీ అంటారు. జాసోలో బూడిదకి 0.25 శాతం హద్దు ఉంది. ఆ మాత్రం ఉండనిస్తారు, అంతకు మించనివ్వరు.

ఇవన్నీ చదివాక సీ-డూ పాత యజమాని పుస్తకం తెరిచాను. అసలు మొదటి రోజే తెరవాల్సింది. అందులో మెలిక లేకుండా ఉంది: తక్కువ బూడిద ఏపీఐ టీసీ ఇంజెక్షన్ ఆయిలే వాడాలి, టీసీ-డబ్ల్యూ, డబ్ల్యూ2, డబ్ల్యూ3 అవుట్‌బోర్డ్ ఆయిళ్లు గానీ బూడిద లేని ఆయిళ్లు గానీ వాడకూడదు. దాని కిందే ఇంకో మాట: వేర్వేరు బ్రాండ్ల ఏపీఐ టీసీ ఆయిళ్లని కూడా ఒకదాంతో ఒకటి కలపొద్దు, రసాయన చర్య జరిగి ఇంజన్ తీవ్రంగా దెబ్బతింటుంది. వాడిన మందారం కాదు, నా ట్యాంకులో రంగు అసలు పేరు ఈ కలగలుపన్నమాట.

బావకి ఫోన్ చేసి చదివి వినిపించాను. "మరి యమహా, కవాసకీల సంగతో? అవీ నీళ్ల మీదవే. వాటికి టీసీ-డబ్ల్యూ3 పొయ్యమనే ఉంటుంది" అన్నాడు. నిజమే. ఆ రెండు కంపెనీల టూ-స్ట్రోక్ బండ్లకి అదే చెప్తారు. అదే చెరువు నీళ్లు, దాదాపు అదే వేగం. కాబట్టి "సీ-డూ వేడెక్కుతుంది, అందుకే వేరే ఆయిల్" అనే మాట నాకు పూర్తిగా మింగుడుపడదు. పైగా ఈ 717లో థర్మోస్టాట్ కూడా లేదు, బయటి నీళ్లు లోపలికొచ్చి చల్లబరిచి బయటికి పోతాయంతే. నా మటుకు నాకు తోచింది వేరు: ఈ ఇంజన్‌లో ఆయిల్ చేసే పని ఒకటి కాదు, రెండు. ఆ రెండోది చూడాలంటే పైపులు విప్పాలి.

8వ రోజు

ఈ రోజు చేతులకంటిన జిడ్డు ఇంకా వదల్లేదు.

మామూలు టూ-స్ట్రోక్‌లో ఆయిల్ పని సూటిగా ఉంటుంది. పంపు కొంచెం కొంచెంగా ఇంటేక్‌లోకి, అంటే గాలీ పెట్రోలూ లోపలికొచ్చే దారిలోకి తోస్తుంది, అది పెట్రోల్ ఆవిరితో కలిసి పిస్టన్ల కిందుండే క్రాంక్ కేస్‌లోకి వెళ్లి బేరింగులకీ పిస్టన్‌కీ పూసుకుని, కాలి, పొగై పోతుంది. 717లో ఇంకోటుంది. దీనికి రీడ్ వాల్వులు లేవు, రోటరీ వాల్వు ఉంది. సగం కోసిన పళ్లెంలాంటి ఒక రేకు గిర్రున తిరుగుతూ ఇంటేక్ దారిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. దాన్ని తిప్పే షాఫ్ట్‌కి ఇత్తడి రంగు పళ్లచక్రం ఒకటి, అది క్రాంకు నడుమనున్న మరతో పట్టుకుని తిరుగుతుంది. ఆ చక్రం ఉండే గది నిండా ఆయిలే. ఆ ఆయిల్ ఎక్కడ్నుంచి వస్తుందంటే, ఇదే ట్యాంకు నుంచి. లావుపాటి పైపొకటి ట్యాంకు అడుగు నుంచి గదిలోకి, ఇంకొకటి గది నుంచి తిరిగి ట్యాంకుకి. అంటే మనం పోసిన ఆయిల్‌లో ఒక భాగం కాలిపోతుంది, ఇంకో భాగం గేర్‌బాక్స్ ఆయిల్‌లా ఏళ్ల తరబడి అక్కడే నానుతుంది. కాలిపోయేదానిలో తప్పు జరిగితే వచ్చే ట్యాంకుతో సర్దుకోవచ్చు. నిలవుండేదానిలో రెండు రకాలు కలిస్తే అవి అక్కడే ఉండి తీరిగ్గా పని కానిస్తాయి. "కలపొద్దు" అన్న మాటకి నాకు అర్థం దొరికింది ఇక్కడే.

ఇక జరిగిన పని. ముందు ట్యాంకు నుంచి పంపుకెళ్లే సన్న పైపు, దాని మధ్యలో ఉండే చిన్న ఫిల్టరు తీశాను. ఫిల్టరు వెలుతురుకి పెట్టి చూస్తే అవతల ఏమీ కనపడలేదు. కోసి చూస్తే జాలీ మీద మడ్డి, గోరుతో గీకితే మైనంలా వస్తోంది. ఆయిల్ ఈ మడ్డిలోంచి ఎలాగోలా దారి చేసుకుని ఇన్నాళ్లూ ఇంజన్‌ని బతికించింది. ఇంకో వేసవి ఆగి ఉంటే బతికించేది కాదు.

తర్వాత గది కింది పైపు. చెయ్యి దూరని చోట ఉంది. పైపుని క్లాంపుతో నొక్కి పట్టాకే లాగాలని తెలుసు. తెలిసీ, "ఒక్క క్షణమే కదా" అని లాగాను. లీటరుకి తక్కువ కాకుండా ఆయిల్ బండి అడుగున పడింది. బావ పట్టుకున్న గరాటు గాల్లోనే ఉండిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. గుడ్డపీలికలు అందిస్తూ కూర్చున్నాడు, అది ఇంకా కష్టంగా ఉంది. అడుగున పడిన ఆయిల్‌ని అలా వదిలేస్తే మొదటిసారి నీళ్లలోకి దించగానే బిల్జ్ దారిన, అంటే అడుగున చేరిన నీళ్లు బయటికి పోయే దారిన, చెరువు మీద తెట్టు కడుతుంది. అందుకని చివరి చుక్క దాకా తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, ఆ నీళ్లు కూడా డబ్బాలోకి పట్టాం.

గదిలోంచి చివరగా వచ్చిన ఆయిల్ ముదురుగా ఉంది, చిక్కగా ఉంది, కానీ అందులో ఇత్తడి రజను లేదు. అయస్కాంతం ఇత్తడిని పట్టదు కాబట్టి తెల్లటి గుడ్డ మీద పరిచి, ఎండలో తిప్పి తిప్పి చూశాను. మెరుపు లేదు. పళ్లచక్రం బాగానే ఉన్నట్టు.

9వ రోజు

నాలుగు గాజు సీసాలు కిటికీలో పెట్టాను. ఒకటో సీసాలో ట్యాంకులోంచి తీసిన పాత ఆయిల్. రెండో దాంట్లో బావ నీలం ఆయిల్, ఏపీఐ టీసీ ఆయిల్ సగం సగం. మూడో దాంట్లో పాతదీ, ఏపీఐ టీసీదీ. నాలుగోది కూడా మూడోదే, కాకపోతే పది చుక్కల నీళ్లు కలిపాను. ఇది శాస్త్రం కాదని నాకూ తెలుసు. ఊరుకోలేక.

14వ రోజు

ఇవాళ నిర్ణయం అయిపోయింది, అంతకు ముందు కొట్టేసినవి రాస్తాను.

పంపు తీసేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకోవడం ఒక దారి. చాలామంది పాత బండ్లకి అదే చేస్తారు, పంపు మొరాయిస్తే ఇంజన్ పట్టేస్తుందన్న భయంతో. 50 పాళ్లకి ఒక పాలు అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు, 40కి ఒకటైతే 25. లెక్క తేలికే. చిక్కల్లా ఏమిటంటే, పంపు తీసేసినా పళ్లచక్రం గది ఆయిల్ లేనిదే బతకదు. పంపుతో పాటు ట్యాంకు కూడా పీకేసి, ఆ లావుపాటి పైపులకి మూతలు బిగించి, గది ఎండిపోయి చక్రం పళ్లు రాల్చుకున్న ఇంజన్లున్నాయి. ట్యాంకు ఎలాగూ ఉంచాల్సిందే అయినప్పుడు పంపు తియ్యడం ఎందుకు? పైగా పంపు వేగాన్ని, థ్రాటిల్‌ని బట్టి ఆయిల్ తగ్గించి పెంచి ఇస్తుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు పొగ, ప్లగ్గుల మీద మసి తక్కువ. పంపు ఉంటుంది.

ఆముదం కలిసిన రేసింగ్ ఆయిళ్లు. కాస్ట్రాల్ అన్న పేరే కాస్టర్ ఆయిల్ నుంచి, అంటే ఆముదం నుంచి వచ్చింది. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, మంచి సింథటిక్‌లు లేని రోజుల్లో రేసు ఇంజన్లని కాపాడింది అదే. వేడికి గట్టిగా నిలబడుతుంది, లోహానికి వదలకుండా పట్టుకుంటుంది. కానీ నిలవుంటే బంకలా మారుతుంది, మామూలు పెట్రోలియం ఆయిల్‌తో సరిగ్గా కలవదు. సన్న గొట్టాల్లో ఇంజెక్షన్‌కి అది పనికిరాదు. ఆముదం లేకపోయినా, పెట్రోల్‌లో కలిపి వాడేందుకే చేసిన చిక్కటి ఆయిళ్లకీ ఇదే మాట. ఇంజెక్షన్ ఆయిల్‌ని పంపు లాక్కోగలిగేలా పలచగా చేస్తారు. డబ్బా వెనక "ఇంజెక్షన్‌కీ, ప్రీమిక్స్‌కీ" అని రెండూ ఉన్నాయా లేదా అన్నది చూసుకోవాలి.

ఇక సింథటిక్ అవసరమా, మినరల్ చాలదా అన్న ప్రశ్న. చాలుతుంది. ఏపీఐ టీసీ ఉన్న మంచి మినరల్ ఆయిల్‌తో 717 నడుస్తుంది. నేను సింథటిక్ వైపు మొగ్గడానికి కారణం పొగ, బొగ్గు. తక్కువ పొగ ఆయిళ్లలో పాలీఐసోబ్యుటిలీన్ అనే పదార్థం కలుపుతారు, అది శుభ్రంగా కాలిపోతుంది. ఇదే కంపెనీ 787, 951 ఇంజన్లకైతే ఎగ్జాస్ట్ పోర్టులో పైకీ కిందికీ కదిలే రేవ్ వాల్వులుంటాయి, బొగ్గు పట్టి అవి ఇరుక్కుంటే ఇంజన్‌కి ఊపు పోతుంది. అలాంటి బండి నాదైతే సింథటిక్ గురించి రెండో ఆలోచన ఉండేది కాదు. 717కి ఆ వాల్వులు లేవు. కాబట్టి ఇది కొంత అవసరం, కొంత నా ముచ్చట.

చివరికి తెచ్చింది: ఏపీఐ టీసీ, జాసో ఎఫ్‌డీ రెండూ ఉన్న, తక్కువ బూడిద, ఇంజెక్షన్‌కి పనికొచ్చే సింథటిక్. సీ-డూ తయారుచేసే బీఆర్‌పీ తన సొంత ఎక్స్‌పీఎస్ ఆయిల్ పొయ్యమంటుంది, ఏ గొడవా వద్దనుకునేవాళ్లకి అది సుఖం. నాకు ఎప్పుడూ ఒకే డబ్బా దొరకడం ముఖ్యం. అందుకని ఒకే రకానివి నాలుగు డబ్బాలు ఒకేసారి తెచ్చి పెట్టాను.

ట్యాంకు విప్పి బయట కిరసనాయిలుతో కడిగి, రెండు రోజులు బోర్లించి ఆరబెట్టాను. పైపులన్నీ కొత్తవి, ఫిల్టరు కొత్తది. పళ్లచక్రం గదిలో మాత్రం కిరసనాయిలు పొయ్యలేదు. కొత్త ఆయిలే నింపి, ప్లగ్గులు తీసి చేత్తో ఇంజన్ తిప్పి, వంపేశాను. రెండుసార్లు. మొదటిసారి వాడిన మందారం, రెండోసారి దాదాపు డబ్బాలో రంగే.

21వ రోజు

సీసాల ఫలితం. ఒకటో దాంట్లో అడుగున వేలి మందం తక్కువగా మడ్డి దిగింది, పైన తేట. రెండో సీసా, నేను ఘోరంగా గడ్డకడుతుందని ఎదురుచూసింది, కాస్త మసకబారి ఊరుకుంది. బావ దాన్ని చూసి కళ్లెగరేశాడు. మూడో దాంట్లో మడ్డి ఒకటో దానికన్నా ఎక్కువ. నాలుగో దాంట్లో నీళ్ల చుక్కల చుట్టూ తెల్లటి తెట్టు కట్టి, కదిపితే తాళ్లు తాళ్లుగా సాగుతోంది. కిటికీలో ఎండకీ, బండిలో వేడికీ, తడికీ, ఏళ్లకీ పోలికే లేదు. రెండో సీసా మసకబారి ఊరుకుంది కాబట్టి ట్యాంకులోనూ ఊరుకుంటుందని నేను అనుకోను. ఫిల్టరులో చూసిన మైనం ఇంకా కళ్లముందే ఉంది.

22వ రోజు

ట్యాంకు నింపడం ఐదు నిమిషాలు, గాలి తియ్యడం పూటంతా.

పంపు మీద గాలి తీసే స్క్రూ ఉంటుంది. అది వదులు చేస్తే ముందు బుడగలు, తర్వాత బుడగలతో ఆయిల్, ఆ తర్వాత శుభ్రమైన ఆయిల్ వస్తుంది. అప్పుడు బిగించాలి. అది పంపు దాకా. పంపు నుంచి ఇంటేక్‌కి వెళ్లే రెండు సన్న గొట్టాలు ఇంకా ఖాళీవే. వాటిని నింపేలోపు ఇంజన్ ఆయిల్ లేకుండా తిరగకూడదు గనక పెట్రోల్ ట్యాంకులో 10 లీటర్లకి 200 మిల్లీలీటర్లు అదే ఆయిల్ కలిపాను. 50కి ఒకటి. స్టార్ట్ చేసి, నీళ్లు పెట్టి, స్లో మీద ఉంచి పంపు లివరుని చేత్తో పూర్తిగా తెరిచి పట్టుకున్నాను. గొట్టాలు పారదర్శకం కాబట్టి ఆయిల్ పాకుతూ రావడం కళ్లకి కనపడుతుంది.

ఒక గొట్టం నిండింది. రెండోదాంట్లో ఒక బుడగ ఇంటేక్ దగ్గరకొచ్చి ఆగింది. కాస్త ముందుకి, కాస్త వెనక్కి. ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, మళ్లీ. మూడోసారి కూడా అదే చోట. పాత పైపులన్నీ మార్చానని పైన గొప్పగా రాశాను కదా, ఈ రెండు సన్నవి మాత్రం "బాగానే ఉన్నాయి" అని వదిలేశాను. విప్పి చూస్తే నిపుల్ మీద ఎక్కే కొన గట్టిపడి, వెంట్రుకంత పగులు. అక్కణ్ణుంచి ఆయిల్ బదులు గాలి వెళ్తోంది.

ఆ గొట్టం ఏ సిలిండర్‌ది? రెండో రోజు లేత గోధుమ రంగు ప్లగ్గు చూసి సంతోషించానే, దానిది. 145 పీఎస్‌ఐ చూపించినదీ అదే. తడిగా నల్లగా ఉన్నది ట్రైలర్ మీద స్లోలో నడిచి, పెట్రోలూ ఆయిలూ సరిపడా తిని కూర్చున్న ప్లగ్గు. ముచ్చటైన రంగులో ఉన్నది పస్తులున్నది. ఇంకెప్పుడైనా రెండు ప్లగ్గులు రెండు రంగుల్లో కనపడితే ముందు శుభ్రంగా ఉన్నదాని సంగతి కనుక్కుంటాను.

రెండు గొట్టాలూ మార్చి, చిన్న క్లాంపులు కొత్తవి వేశాక బుడగ ఒక్క ఊపున వెళ్లిపోయింది. ఆఖరున కేబుల్. థ్రాటిల్ వైరులో వదులు తీసేసినప్పుడు పంపు లివరు మీది గీత, పంపు ఒంటి మీది గీత ఎదురెదురుగా ఉండాలి. నాది రెండు మిల్లీమీటర్లు వెనకబడి ఉంది, అంటే ఆయిల్ తక్కువ ఇస్తున్న వైపు. సర్దాను.

27వ రోజు

నీళ్లలోకి. ఆయిల్ ట్యాంకు పక్కన తెల్ల టేపు అంటించి, 250 మిల్లీలీటర్లకి ఒకటి చొప్పున పోస్తూ గీతలు పెట్టుకున్నాను. కొత్త ప్లగ్గులు ఎన్‌జీకే బీఆర్8ఈఎస్, సందు 0.5, 0.6 మిల్లీమీటర్ల మధ్య. కలిపిన పెట్రోల్ మొదటి పూటలో అయిపోయింది, తర్వాత మామూలు పెట్రోల్. ఎక్కువసేపు సగం థ్రాటిల్ మీద, మధ్యమధ్య నాలుగైదుసార్లు పూర్తిగా.

మామూలు పెట్రోల్ 24 లీటర్లు తాగేసరికి ఆయిల్ రెండు గీతలు దిగింది. 500 మిల్లీలీటర్లు, అంటే 48కి ఒకటి. పూర్తి థ్రాటిల్ మీద పంపు ఇంతకన్నా ఎక్కువిస్తుంది, స్లోలో బాగా తక్కువ. అన్నీ కలిపిన సగటు ఇలా ఉంటే నాకు నిద్ర పడుతుంది. ప్లగ్గులు రెండూ ఒకే రంగు, లేత కాఫీ గింజ కన్నా కాస్త ముదురు. పొగ స్టార్ట్ చేసిన మొదటి అరనిమిషమే.

బండి వెనక నీళ్ల మీద పలచటి మెరుపు మాత్రం ఉంది. ఎంత మంచి ఆయిల్ పోసినా కార్బ్యురేటర్ టూ-స్ట్రోక్ కొంత పెట్రోలూ ఆయిలూ కాల్చకుండానే బయటికి వదులుతుంది. సిలిండర్‌లోకి వచ్చే దారి, ఎగ్జాస్ట్ దారి కొంతసేపు కలిసే తెరుచుకుని ఉండే ఇంజన్ మరి. అమెరికాలోని టాహో సరస్సులో ఇలాంటి ఇంజన్లని 1999లోనే ఆపేశారంటే ఆశ్చర్యం లేదు. తాగునీటి చెరువుల్లో దీన్ని దించకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం.

48వ రోజు

మూడు వారాలు కదపకుండా ఉంచాను, కావాలనే. క్రాంకు నడుమ సీళ్లు అరిగిపోయి ఉంటే పళ్లచక్రం గదిలోని ఆయిల్ మెల్లగా క్రాంక్ కేస్‌లోకి దిగుతుంది. అప్పుడు స్టార్ట్ చేస్తే మొదటిసారి వచ్చినదానికి రెండింతల పొగ రావాలి, మరీ ఎక్కువ దిగితే ఇంజన్ తిరగనే తిరగదు. ముందు ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టాను, ఏమీ చిమ్మలేదు. బిగించి స్టార్ట్ చేస్తే అరనిమిషం పొగ, అంతే. టేపు మీద గీత కూడా ఎక్కడిదక్కడే ఉంది. కొత్త ఫిల్టరు వెలుతురుకి పెడితే అవతల కిటికీ ఊచలు కనిపిస్తున్నాయి.

బావ నీలం డబ్బా ఇంకా మూత తియ్యకుండా షెల్ఫులో ఉంది. "నీ సీ-డూకి పనికిరాని ఆయిల్ నాకెందుకురా?" అన్నాడు ఇవ్వబోతే. డబ్బా తిప్పి వెనకున్న ఆర్‌ఎల్ నంబరు చూపించి, "నీ మోటారుకి ఇదే కావాలి బావా, పుస్తకంలో చూశాను" అన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని ఆ నంబరు రెండుసార్లు చదివి, డబ్బా చంకలో పెట్టుకున్నాడు. ఆదివారం ఆయన అవుట్‌బోర్డ్ ఆయిల్ ఫిల్టరు విప్పి చూడాలట. క్లాంపు నేను తెస్తున్నాను.